ఎడమవైపు ఎత్తు బంతి

మా అమ్మాయి రెబెకా టెన్నిస్ ఆడుతుంది. సరదాకి కాదు, అదే దాని వృత్తి. దేశంలో ఆడే ఆడపిల్లల్ని వరుసగా నిలబెడితే మొదటి పాతికమందిలో ఉంటుంది. ప్రపంచంలో నిలబెడితే ఎనిమిదివందల నలభై ఏడో మనిషి. మొదటి సంగతి మా చర్చిలో అందరికీ చెప్పాను. రెండోది ఒక్కసారే చెప్పాను. "అంటే పాపం, ముందర ఎనిమిదివందల నలభై ఆరుగురు ఉన్నారన్నమాట" అని మా సంఘంలో ఒక పెద్దాయన నా భుజం తట్టి ఓదార్చారు. అప్పటినుంచి చెప్పడం మానేశాను.

పోయిన నవంబరు చివర్లో అది పూనాలో తను ఆట నేర్చుకునే అకాడమీ నుంచి పెద్ద పెట్టెతో సహా ఇంటికి వచ్చింది. పండగ లేదు, సెలవు లేదు. వాళ్లమ్మ ప్రసన్నకుమారి చేపల పులుసు పెట్టింది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాక రెబెకా అసలు సంగతి చెప్పింది.

"కోచ్ గారు పంపించేరు నాన్నా. నా ఆటలో ఒక లోటుంది, అది సరిచేసుకుని రమ్మన్నారు. జనవరిలో బెంగళూరులో టోర్నమెంటుంది. ముందు క్వాలిఫయింగ్ అని మూడు మ్యాచ్‌లు గెలవాలి. అవి గెలిస్తేనే అసలు పోటీలోకి రానిస్తారు. గెలిస్తే ఇంకో ఏడాది తన దగ్గర ఉండి ఆడమన్నారు. లేకపోతే ఆట కట్టేసి, రైల్వేలో ఇస్తామంటున్న ఉద్యోగంలో చేరిపొమ్మన్నారు."

"రైల్వే ఉద్యోగమా" అంది ప్రసన్నకుమారి. ఆవిడ గొంతులో సంతోషం దాగలేదు. "అంత చల్లటి కబురు చావు కబురులా చెప్తావేంటే?"

రెబెకా తల వంచుకుని అన్నంలో చెయ్యి తిప్పింది. దానికి ఇరవై రెండేళ్లు. పన్నెండో ఏట ఇల్లు వదిలింది. దాని మొహం చూస్తే ఆ ఉద్యోగం దానికి ఎలా వినబడుతోందో నాకు తెలిసింది.

"ఏమిటమ్మా ఆ లోటు?" అన్నాను.

"ఎడమవైపు ఎత్తుగా లేచే బంతి."

అది కుడిచేతి వాటం మనిషి. ఎడమవైపు వచ్చే బంతిని రెండు చేతులతో బ్యాటు పట్టుకుని కొడుతుంది. నడుం ఎత్తులో వస్తే భయం లేదు. భుజం దాటి లేచిందంటే మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి, మెల్లగా అవతలికి నెట్టి ఊరుకుంటుంది. అవతలి పిల్ల ముందుకొచ్చి ఆ మెత్తటి బంతిని చావగొడుతుంది. ఇది ఈ మధ్య అందరికీ తెలిసిపోయిందట. వీళ్ల ఆటలు ఫోనుల్లో దొరుకుతాయి కదా, ఒకరి లోటు ఒకరు చూసుకునే బరిలోకి దిగుతారట. కోచ్ గారేమో మిగతా పిల్లల్ని తీసుకుని డిసెంబరంతా వేరే దేశాల్లో తిరుగుతున్నారు. అందుకని మా అమ్మాయికి ఐదు వారాలపాటు బంతులు వేసే మనిషి కావాలి.

"మొదట నాకు బంతులు వేసింది మీరే కదా నాన్నా" అంది.

అది నిజం. నేను మిషన్ స్కూల్లో అటెండర్ని. పది పాసయ్యాను, అంతకుమించి చదవలేదు. స్కూలు ఆవరణలో పాత గ్రావెల్ కోర్టు ఒకటి ఉండేది. గంట కొట్టేశాక, గదులకు తాళాలు వేసేశాక, దానికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు నేనే ఒక బకెట్టు బంతులు పెట్టుకుని రోజూ వేసేవాణ్ణి. ఆ తర్వాత నాలుగేళ్లు పీఈటీ మాస్టారు నేర్పినా, బంతులు వేసేది నేనే.

ఇప్పుడు ఆ కోర్టు మీద సైకిల్ స్టాండు కట్టేశారు. అందుకని జొన్నాడలో హైవే పక్కన రైసుమిల్లున్న కనకరాజు గారిని అడిగాను. ఆయన మిల్లు ముందర ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. టెన్నిస్ కోర్టు పట్టగా ఇంకా చుట్టూ పరిగెత్తే చోటుంటుంది.

"ఆయ్, మన పిల్లకి కాక ఇంకెవరికండీ" అన్నారాయన. "కాకపోతే మంచు విడిచాక, ఎనిమిదిన్నరకల్లా ధాన్యం పరవాలండి. ఈలోగా ఆడుకున్నంత ఆడుకోమనండి."

ముగ్గుతో గీతలు గీశాం. రెండు వెదుళ్లు పాతి చేపల వల కట్టాం. ఊళ్లో సంగతి తెలిసి సలహాలు మొదలయ్యాయి. కనకరాజు గారు రోజుకి నాలుగు నాటుకోడి గుడ్లన్నారు. మా మేనత్త దిష్టి అంది, వెంటనే నేను సంఘపెద్దనని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. కొబ్బరికాయలు ఒలిచే ఆయన ఒకరు, గునపం మీద కాయ తిప్పినట్టు నడుం తిప్పమని చేసి చూపించారు. రెబెకా అందరికీ "ఆయ్, అలాగేనండి" అని చెప్పి, ఒక్కటీ చేయలేదు. కోచ్ గారు ఫోనులో పంపిన పద్ధతి ఒకటే చేసింది. అది వినడానికి ఏమీ ఉండదు. రోజుకి నాలుగువందల బంతులు, అన్నీ ఎడమవైపే, అన్నీ ఎత్తుగానే. బంతి నేలతాకి లేచేటప్పుడే, భుజం దాటకముందే, ఒక అడుగు ముందుకేసి కొట్టాలి. వెనక్కి తగ్గకూడదు. అంతే.

మొదటి వారం బ్రహ్మాండంగా జరిగింది. నేను వేస్తున్నాను, అది ఫెళఫెళ కొడుతోంది. ఇంత సులువైన దానికి పూనాలో ఏం చేస్తున్నారా అనుకున్నాను.

కళ్లం పక్కన ధాన్యం గుట్టల మీద మంచు పడకుండా కప్పిన బరకాలు తీసేవాళ్లలో బంగారమ్మ అని ఒకావిడ ఉంది. ఎనిమిదోనాడు ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఓ మాటంటే ఏమీ అనుకోరు కదండీ."

"చెప్పండమ్మా."

"బంతులేస్తన్నారా, గోరుముద్దలు పెడతన్నారా అండీ?"

వెనకున్న ఆడవాళ్లంతా నవ్వారు.

"అది కాదండీ" అంది బంగారమ్మ. "వారం నుంచి చూత్తన్నాను. పిల్ల ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ పెడతన్నారు. కిందో మీదో పడనివ్వట్లేదు."

మర్నాడు రెబెకా ఫోనుని ఇటుక మీద నిలబెట్టి అంతా వీడియో తీసింది. సాయంత్రం ఇంటి దగ్గర కూర్చుని లెక్కపెట్టింది. నేను వేసిన నాలుగువందల బంతుల్లో భుజం దాటినవి ముప్ఫై ఒకటి. మిగిలినవన్నీ నడుం దగ్గరికి, దానికి నచ్చిన చోటికి, నున్నగా వెళ్లాయి. ఎత్తుగా వేస్తున్నాననే నేననుకున్నాను. ఒట్టు పెట్టే అలవాటు మాకు లేదు గాని, ఎవరైనా అడిగితే అలాగే చెప్పి ఉండేవాణ్ణి.

"చిన్నప్పుడూ ఇలాగే వేసేవారా నాన్నా?"

ఆలోచించాను. ఆలోచించడానికేం లేదు. అది ఒక బంతి తప్పితే మొహం చిన్నబుచ్చుకునేది. చిన్నబుచ్చుకుంటే నేను చూడలేకపోయేవాణ్ణి. అది కొట్టగలిగే చోటికే వేసేవాణ్ణి.

"వేసే ఉంటానమ్మా."

"అయితే ఇది నాకు మీరు పెట్టిన లోటే."

"మీ నాన్న సంగతి తెలీదా" అంది ప్రసన్నకుమారి వంటింట్లోంచి. "ఇంటికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన అబ్బాయికి కూడా మంచి ముక్క ఏరి వడ్డిస్తారు. కూతురికి బంతి ఏరి వేయరూ?"

మా వైపు మర్యాదలకి పేరు. ఎదుటి మనిషి ఇబ్బంది పడితే మాకు నిద్రపట్టదు. ఆ మర్యాదే మా పిల్ల ఎడమ భుజం దగ్గర కొలువుందని నలభై తొమ్మిదేళ్ల వయసులో తెలిసింది.

తెలిసింది కదా అని చెయ్యి మారలేదు. ఎత్తు కోసం రెబెకా నన్ను ట్రాక్టరు తొట్టి ఎక్కి బ్యాటుతో పైనుంచి కిందికి కొట్టమంది. ఎక్కాను, కొట్టాను. దాని మొహం చూడగానే చివరి క్షణంలో చెయ్యి మెత్తబడేది. రెండు రోజులు చూసి విసుగెత్తి, సిమెంటు మీద ముగ్గుతో పళ్లెమంత సున్నా గీసింది.

"నన్ను చూడకండి నాన్నా. నేనిక్కడ లేననుకోండి. ఈ సున్నాని చూసి, ఎంత బలముంటే అంత బలంగా దీంట్లో కొట్టండి. అది ఎక్కడికి లేస్తుందో, నేనేం చేస్తానో మీకనవసరం."

అలాగే చేశాను. మిగిలిన వారాలన్నీ నేను చూసింది ఆ సున్నానే. పైనుంచి పడిన బంతి సిమెంటు తాకి పాము పడగెత్తినట్టు లేచేది. ఆ తర్వాత ఏమైందో చప్పుడు మాత్రమే వినేవాణ్ణి. మొదట్లో బంతి బ్యాటు అంచుకి తగిలిన చప్పుడు, వలలో పడిన చప్పుడు, బంగారమ్మ "అయ్యో" అన్న చప్పుడు. ఒక ఉదయం వరసగా నలభై తప్పింది. ఏడుస్తోందని ముక్కు ఎగబీల్చడం వల్ల తెలిసింది. తల ఎత్తలేదు. ఇంకోటి కొట్టాను. అది నేరుగా దాని పెదవికి తగిలింది.

సరిగ్గా అప్పుడే ప్రసన్నకుమారి ఉప్మా క్యారేజీతో వచ్చింది.

"ఏవండీ, కన్నకూతురాండీ, శత్రువాండీ?" అంది, క్యారేజీ ధాన్యం మీద పెట్టేసి. పమిట చెంగుతో దాని పెదవి తుడిచింది. "రైల్వేలో అయితే పెదవులు పగలవు."

"అమ్మా, ఆయన ఇప్పుడే దారిలో పడ్డారు. చెడగొట్టకు" అంది రెబెకా, చెంగు నోట్లోనే ఉండగా.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎప్పటిలాగే దాని గురించి దేవుణ్ణి వేడుకున్నాను. ఆమెన్ అన్నాక అది నావైపు తిరిగింది.

"బెంగళూరులో నాకు అనుకూలమైన ప్రత్యర్థిని దయచేయమని అడిగేరేంటి నాన్నా?"

"అడిగితే తప్పేంటమ్మా?"

"దేవుడి చేత కూడా గోరుముద్దలు వేయిస్తున్నారు."

నాకు ఆ రాత్రి అదే ఆలోచన. అవతలి పిల్లకీ ఒక తండ్రి ఉంటాడు. ఆయన కూడా మోకరించి ఇదే అడుగుతాడు. ఇద్దరు తండ్రులు ఒకే బంతి గురించి అడిగితే ప్రభువు ఏం చేయాలి? మా పాస్టరు గారు శ్యామ్ బాబు గారిని అడిగాను. "మీరు బంతులు వేస్తూ ఉండండి ప్రకాశరావు గారూ" అన్నారు. అది జవాబో, జవాబు లేదనడమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజు నుంచి మాత్రం మనవి మార్చాను. ఎదుటివాళ్ల సంగతి ఎత్తకుండా, "ఎడమవైపు ఎత్తు బంతి దీనికి బాగుపడనివ్వు ప్రభువా" అని అడిగాను. ఇరవై రోజులు, ఒక్కరోజు మానకుండా.

చివరి వారానికి చప్పుళ్లు మారాయి. బంగారమ్మ అయ్యో అనడం మానేసింది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే రెబెకా "బాగుంది నాన్నా" అనేది. మా వైపు పెళ్లిభోజనంలో ఉప్పు లేకపోయినా బాగుందనే అంటారు. నేను ఆ మాటని అంతవరకే తీసుకున్నాను.

జనవరిలో ఇద్దరం బెంగళూరు వెళ్లాం. మొదటి రెండు మ్యాచ్‌లు సులువుగానే గెలిచింది. ఆ ఇద్దరు పిల్లలూ బంతిని తక్కువ ఎత్తులో, నేలబారుగా కొట్టే రకం. ఐదు వారాల పనికి పరీక్షే రాలేదు. మూడో మ్యాచ్ మిగిలింది. గెలిస్తే ఇంకో ఏడాది ఆట, ఓడితే రైలు.

ఆ ఉదయం క్యాంటీన్లో నా ఎదురుగా ఒకాయన కూర్చుని తెలుగులో పలకరించారు. పేరు సుధీర్. వాళ్లది విజయవాడ, బెంగళూరులో స్థిరపడ్డారు. వాళ్లమ్మాయే ఆనాటి మా ప్రత్యర్థి. మంచి మనిషి. ఆత్రేయపురం పూతరేకులు మా ఆవిడ కట్టి ఇచ్చింది, తీసి పెట్టాను. రెండు తిన్నారు, మూడోది నేను బలవంతం చేశాను.

"నిన్న మీ అమ్మాయి ఆట చూశానండీ" అన్నారాయన. "కుడివైపు దెబ్బ అదరగొట్టేస్తోంది. ఎడమవైపు కూడా అంతేనాండీ?"

ఇక్కడ నవ్వేసి ఊరుకోవచ్చు. "ఆయ్" అన్నా సరిపోయేది. కానీ అడిగిన మనిషి నోట్లో నేను పెట్టిన పూతరేకు ఉంది. అబద్ధమాడటం నాకు చేతకాదు. అడిగినదానికి జవాబివ్వకపోతే అమర్యాద.

"ఎడమవైపు బాగా ఎత్తుగా లేస్తే కొంచెం ఇబ్బంది పడుతుందండి" అన్నాను.

"అలాగా" అన్నారాయన. చెయ్యి తుడుచుకుని, నమస్కారం పెట్టి వెళ్లారు. కాఫీ చల్లారేవరకు నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పరిగెత్తాను. అప్పటికి ఆయన కంచె దగ్గర కూతురి చెవిలో ఏదో చెప్తున్నారు, ఎడమ భుజం తట్టుకుని చూపిస్తున్నారు.

నేను వెళ్లి ఎవరూ లేని వరసలో కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను గాని, దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. చేసిన తప్పు నాదే, వేలు నాదే, కన్ను నాదే.

మొదటి బంతే ఎడమవైపు లేచింది. ఆ పిల్ల పొడగరి, బాగా సుడి పెట్టి వేసింది. సున్నాలోంచి లేచినట్టే లేచింది. ఈసారి చూడటానికి నాకు సున్నా లేదు, మా అమ్మాయే ఉంది. అది వెనక్కి తగ్గలేదు. ఒక అడుగు ముందుకు వేసి, బంతి భుజం దాకా రాకముందే రెండు చేతులతో అడ్డంగా ఒక్కటి వేసింది. అవతలి పిల్ల కదల్లేదు. కదిలే టైము లేదు.

రెండోది కూడా అక్కడికే. మూడోది కూడా. ఆ పిల్ల తండ్రివైపు చూసేది. ఆయన మళ్లీ ఎడమ భుజం తట్టుకుని చూపించేవారు. పాపం, నా మాట మీద అంత నమ్మకం ఆయనకి. మొదటి సెట్టు మా అమ్మాయి ఆరు మూడుతో గెలిచింది.

రెండో సెట్టులో ఆ పిల్ల తండ్రివైపు చూడటం మానేసి కుడివైపు వేయడం మొదలెట్టింది. అక్కడ వేరే సంగతి బయటపడింది. ఐదు వారాలు ఎడమవైపే కొట్టి కొట్టి, మా అమ్మాయి ప్రసిద్ధమైన కుడిచేతి దెబ్బ తుప్పు పట్టింది. బంతులు గీత దాటి పోతున్నాయి. ఆరు నాలుగు ఆ పిల్లకి వెళ్లింది. ఒక లోటు పూడ్చడానికి మట్టి ఇంకోచోట తవ్వుకున్నామన్నమాట.

మూడో సెట్టు ఐదు ఐదు దగ్గరికి వచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. అక్కడ ఆ పిల్ల కంగారుపడింది. కంగారులో మనిషి మొదట విన్న మాట దగ్గరికే తిరిగి వెళ్తాడనుకుంటాను. మళ్లీ ఎడమవైపు, ఎత్తుగా వేసింది. వరసగా నాలుగు. రెబెకా నాలుగూ కొట్టింది. ఆ తర్వాతి గేమ్ ఎలాగో గట్టెక్కింది. ఏడు ఐదు.

సుధీర్ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి రెబెకా కూడా తువ్వాలు మెడలో వేసుకుని నా పక్కనే ఉంది.

"పెద్దమనిషి అనుకున్నానండీ మిమ్మల్ని" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

"అబద్ధం చెప్పలేదండి" అన్నాను. "నాకు తెలిసిందే చెప్పాను."

ఆయన నా మొహంలోకి చూశారు, రెబెకా మొహంలోకి చూశారు. "నిజమేలాగుంది. మీకే తెలీదనుకుంటానండీ" అని, నవ్వలేక నవ్వి వెళ్లిపోయారు.

"ఏం చెప్పేరు నాన్నా ఆయనకి?"

చెప్పాను. పూతరేకులతో సహా. అది మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అంటే, నాన్నా. ఐదు వారాలు మీరే వేసేరు. రోజూ మోకరించి అడిగేరు. ఇవాళ పొద్దున్నకి కూడా నాకది బాగుపడిందని మీకు నమ్మకం లేదా?"

లేదంటే దాని మొహం చిన్నబోతుంది. ఉందంటే అబద్ధం. పాతికేళ్లుగా చర్చిలో ముందు వరసలో కూర్చుంటున్నాను. ప్రభువు అడిగింది ఇచ్చేస్తే గుర్తుపట్టలేనివాడు అంతకాలం ఎందుకు అడిగినట్టో నాకే తెలియలేదు.

"లేదమ్మా" అన్నాను.

అది వంగి బూట్లు విప్పింది. కాసేపటికి కోచ్ గారి ఫోను వచ్చింది. ఫిబ్రవరి నుంచి టూరుకి టిక్కెట్లు తీయిస్తున్నారట. ఆ తర్వాత ప్రసన్నకుమారి మాట్లాడింది. గెలిచినందుకు ఏడ్చి, ఆ వెంటనే రైల్వేవాళ్లకి ఏం జవాబు చెప్పాలని అడిగింది.

"రేపు నా మీద ఆడే అమ్మాయిది థాయిలాండ్" అంది రెబెకా, ఫోను పెట్టేసి. "వాళ్ల నాన్నకి తెలుగు రాదు. బతికిపోయాను."

ఆ మాటలో కొంచెం పులుపు మిగిలి ఉంది. మిగలాలి కూడా.

టోర్నమెంటువాళ్లు మ్యాచ్‌లన్నీ ఫోనులో పెడతారట. చూపించమని అడిగాను. అది పెరుగన్నం డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుని, తెర నావైపు తిప్పింది. ఎడమవైపు వచ్చిన ప్రతి బంతి దగ్గరా ఆపించి చూశాను. వెనక్కి జరిపించి మళ్లీ చూశాను. ఐదు వారాలు నేను చూడనిదంతా చూశాను. మొత్తం యాభై రెండు బంతులు.

"ఇప్పుడైనా కుదిరిందా నమ్మకం?" అంది, చెంచా నోట్లో పెట్టుకుని.

"కుదిరింది. కానీ అందులో మూడు ఆలస్యంగా కొట్టేవమ్మా. అడుగు ముందుకు పడలేదు. రేపటి అమ్మాయి వాటిని వదలదు."

అది నమలడం ఆపింది. చిన్నబుచ్చుకుంటుందేమోనని చూశాను. చిన్నబుచ్చుకుంది. నేను మాట మార్చలేదు.

"ఏవి?" అంది, డబ్బా పక్కన పెట్టి దగ్గరికి జరుగుతూ. "చూపించండి."